కోచ్‌కు ఉత్తరం ఎవరు రాయాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: అమెరికాలో మన పిల్లలు, ఆటలు, కాలేజీలు

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడి హైస్కూల్లో పదో తరగతి చదువుతున్నాడు. టెన్నిస్‌లో యూటీఆర్ (ఆటగాడి స్థాయిని అంకెలో చెప్పే రేటింగ్) 9.5. జనవరి నుంచి 60 మంది కాలేజీ కోచ్‌లకు ఈమెయిళ్లు పంపాము. రెండు చోట్ల నుంచి ప్రశ్నావళి నింపమని, మూడు చోట్ల నుంచి వేసవి శిబిరానికి రమ్మని వచ్చాయే తప్ప కోచ్ స్వయంగా రాసిన జవాబు ఒక్కటీ లేదు. ఒక రిక్రూటింగ్ సంస్థవారు 4,000 డాలర్లు కడితే అంతా తామే చూసుకుంటామంటున్నారు. కట్టమంటారా?
– ఒక తల్లి, డల్లాస్ పరిసరాల నుంచి

జవాబు: జవాబులు రాకపోవడానికి మీ అబ్బాయి ఆటే కారణమని ఇప్పుడే నిర్ణయానికి రాకండి. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నియమాల ప్రకారం, దానిలో పై శ్రేణి అయిన డివిజన్ వన్ టెన్నిస్ కోచ్‌లు, విద్యార్థి పదో తరగతి పూర్తి చేసిన వేసవిలో జూన్ 15 వచ్చే వరకు, జట్టులో చేర్చుకునే విషయమై అతనికి ఈమెయిల్ రాయకూడదు, ఫోన్ చేయకూడదు. విద్యార్థి ఎప్పుడైనా రాయవచ్చు, కోచ్ చదవవచ్చు, జవాబు మాత్రం ఇవ్వకూడదు. ప్రశ్నావళులు, శిబిరాల ప్రకటనలు పంపడానికి అభ్యంతరం లేదు కాబట్టి మీకు అవే వచ్చాయి. శిబిరానికి పిలుపు వచ్చినంత మాత్రాన మావాడు కోచ్ కంట పడ్డాడని అనుకోవద్దు; అవి పెద్ద జాబితాలకు ఒకేసారి వెళ్లే ఉత్తరాలు.

ఇక ఆ సంస్థ సంగతి. జూన్ 15కు ముందు కోచ్ చేత మీ అబ్బాయికి జవాబు రాయించడం వాళ్ల వల్ల కూడా కాదు. ఆ తరువాత వాళ్లు చేసే పని, అంటే జాబితా తయారు చేయడం, వీడియో కత్తిరించడం, ఈమెయిళ్లు పంపడం, మీ అబ్బాయి ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని చేసుకోగలిగినదే. ఫీజును వచ్చే స్కాలర్‌షిప్‌లో వాటాగా అడిగితే అసలే ఒప్పుకోకండి; ఆ పద్ధతిని ఎన్‌సీఏఏ అనుమతించదు. ‘మాకు లోపల మనుషులున్నారు’ అని ఎవరైనా అంటే 2019లో బయటపడిన అడ్మిషన్ల కుంభకోణాన్ని తలచుకోండి. పడవ పోటీల్లో ఏనాడూ తెడ్డు పట్టని పిల్లలను క్రీడాకారులుగా చూపించిన ఆ కేసులో తల్లిదండ్రులు కూడా జైలుకు వెళ్లారు.

నన్ను కలవరపెట్టినది మీ ఉత్తరంలోని 60 అన్న అంకె. 60 మందికి ఒకే ఉత్తరం పంపడమంటే గాలిలో దీపం పెట్టడమే. కోచ్ దేశంలోకెల్లా మంచి ఆటగాడి కోసం వెతకడు, తన జట్టులో ఖాళీ అయ్యే స్థానానికి సరిపోయేవాడి కోసం వెతుకుతాడు. ఆ స్థానాలూ ఇప్పుడు తక్కువే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందంలో (కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో కుదిరిన రాజీ) చేరిన కాలేజీలకు, స్కాలర్‌షిప్‌ల సంఖ్యపై ఉన్న పాత పరిమితి పోయి, జట్టులో ఎందరుండవచ్చన్న పరిమితి వచ్చింది. టెన్నిస్‌లో అది 10 మంది. ఆ పదిమందిలోనే విదేశాల నుంచి వచ్చేవారు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా ఇతర కాలేజీల నుంచి మారేవారు కూడా ఉంటారు. ఇప్పటికే రెండేళ్లు కాలేజీ టెన్నిస్ ఆడిన 21 ఏళ్లవాడు దొరుకుతున్నప్పుడు 17 ఏళ్ల పిల్లవాడి ఎదుగుదల కోసం ఎదురుచూసే ఓపిక చాలామంది కోచ్‌లకు ఉండదు.

అందువల్ల కాలేజీ పేరు చూసి కాక, జట్టు పేజీ తెరిచి చూసి జాబితా తయారు చేసుకోండి. ఆటగాళ్లు ఎవరు ఏ సంవత్సరంలో ఉన్నారు, ఎందరు నేరుగా అమెరికా హైస్కూళ్ల నుంచి వచ్చారు, ఎందరు వేరే కాలేజీల నుంచి మారారు అన్నవి అక్కడే కనిపిస్తాయి. ఆపైన జట్టు సింగిల్స్ వరుసలో ఐదు, ఆరు స్థానాల్లో ఆడేవాళ్ల యూటీఆర్ చూడండి. పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీలు కలిసి ఆడుకునే లీగ్‌ల) పురుషుల జట్లలో ఆరో స్థానంలో ఆడేవాడికి కూడా సాధారణంగా 12 దాటి ఉంటుంది కనుక అక్కడ మీవాడికి ఇప్పట్లో చోటు లేదు. ఆరో ఆటగాడు మీ అబ్బాయికంటే ఒక మెట్టు మాత్రమే పైన ఉన్న జట్లు 15 దొరికితే చాలు. మిగతా 45 ఉత్తరాలు రాసే సమయంలో ప్రాక్టీసు చేయవచ్చు.

మన ఇళ్లలో ఈ మాట వచ్చినప్పుడల్లా నిషేశ్ బసవరెడ్డి పేరు వినిపిస్తోంది. నెల్లూరు నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ, ఇండియానాలో పెరిగి, స్టాన్‌ఫోర్డ్ జట్టుకు ఆడి, 2024 చివరిలో ప్రొఫెషనల్‌గా మారి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద తొలి సెట్ గెలిచిన కుర్రవాడు. ఆ గర్వం మనందరిదీ. అయితే అతను జూనియర్లలో ప్రపంచస్థాయి ఆటగాడు. అటువంటివారిని కోచ్‌లే వెతుక్కుంటూ వెళ్తారు కాబట్టి మీ ఇంటి నిర్ణయాలకు అతని కథ కొలబద్ద కాదు.

ఇక ఉత్తరం. ‘పంపాము’ అని రాశారు. రాసినది మీరా, మీ అబ్బాయా? నేను ఇలా అడగడానికి కారణం ఉంది. మా పెద్దవాడు పదకొండో తరగతికి వెళ్లే వేసవిలో వాడి పేరు మీద ఉత్తరాలన్నీ నేనే రాశాను. ఆఫీసులో రాసి రాసి అలవాటైన చక్కని ఇంగ్లీషు. ఒక సాయంత్రం వంటింట్లో ఉండగా ఒక కోచ్ ఫోన్ చేసి, ‘మూడో సెట్‌లో నీ పద్ధతి మార్చుకున్నానని రాశావు, ఏం మార్చావో చెప్పు’ అని అడిగాడు. వాడు చెవికి ఫోన్ పెట్టుకుని నావైపు చూశాడు. నేనేం రాశానో వాడికి తెలియదు. నేను పక్కనుంచి మెల్లగా అందించబోయాను, అవతల ఆయనకు నా గొంతు వినిపించింది. మర్యాదగానే ముగించాడు గానీ మళ్లీ ఆ కాలేజీ నుంచి ఫోన్ రాలేదు. తరువాత వాడు రాసుకున్న ఉత్తరాల్లో తప్పులు ఉండేవి, జవాబులూ వచ్చాయి.

కాబట్టి మీవాడినే రాయనివ్వండి. కోచ్ ఉత్తరం తెరవకముందే కావలసినవన్నీ సబ్జెక్ట్ లైన్‌లో ఉండాలి: ఏ సంవత్సరం హైస్కూలు పూర్తవుతుంది, కుడిచేతివాటమా ఎడమచేతివాటమా, యూటీఆర్, జీపీఏ, ఊరు. లోపల ఎనిమిది పది వాక్యాలు చాలు. మొదటిది ఆ జట్టుకే చెందిన మాట కావాలి. ‘మీ గొప్ప సంస్థ’ అన్న వాక్యం ఏ కాలేజీకైనా అతుకుతుంది గనుక ఏ కోచ్‌నూ ఆపదు. తరువాతి రెండు నెలల్లో తాను ఆడబోయే టోర్నమెంట్లు, ఊళ్లు, తేదీలు తప్పక రాయాలి, ఎందుకంటే కోచ్‌లు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకునేది వాటిని బట్టే. వీడియోకు పాటలు, మెరుపులు వద్దు. కెమెరాను బేస్‌లైన్ వెనక కంచెకు ఎత్తుగా బిగించి, తనకంటే కొంచెం బలమైనవాడితో ఆడిన మ్యాచ్‌లోంచి 15 నిమిషాలు, ఓడిపోయిన పాయింట్లతో సహా, కత్తిరించకుండా పెట్టమనండి. డబుల్ ఫాల్ట్ చేసిన తరువాత రాకెట్‌ను ఏం చేస్తాడు, ఎంతసేపట్లో తదుపరి సర్వ్‌కు సిద్ధమవుతాడు అన్నవి కోచ్‌లు గమనిస్తారు. కంచె వెనక అమ్మానాన్నలు ఎలా ఉన్నారో కూడా గమనిస్తారని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మా అమ్మాయి పదకొండో తరగతి. ఈతలో 100 గజాల బ్రెస్ట్‌స్ట్రోక్ 1:05లో పూర్తి చేస్తుంది. ఇద్దరు డివిజన్ త్రీ (ఎన్‌సీఏఏ మూడో శ్రేణి) కోచ్‌లు తరచుగా మాట్లాడుతున్నారు గానీ అక్కడ ఆట స్కాలర్‌షిప్ లేదట. డబ్బు రానప్పుడు ఇన్నేళ్ల శ్రమ ఎందుకని మావారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: డివిజన్ త్రీలో ఆట పేరిట ఒక్క డాలరు కూడా ఇవ్వరన్నది నిజం. డివిజన్ వన్‌లో ఉన్నా ఐవీ లీగ్ కాలేజీలు ఎనిమిదింటిలోనూ అదే పద్ధతి. అయితే ఎంఐటీ, షికాగో విశ్వవిద్యాలయం, ఎమొరీ వంటివి డివిజన్ త్రీవే అని మీవారితో చెప్పండి, ఆయన స్వరం మారవచ్చు. ఇటువంటి చోట్ల ఆట వల్ల కలిగే లాభం అడ్మిషన్ దగ్గర కనిపిస్తుంది. చదువుకు ఇచ్చే మెరిట్ సాయం, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం అందరిలాగే మీ అమ్మాయికీ వర్తిస్తాయి. ఎంతవుతుందో ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో అంచనా వేసుకోండి. మీరు హెచ్-4 వీసా మీద ఉంటే ఫెడరల్ సాయం రాదు కాబట్టి, కాలేజీ సొంత నిధుల నుంచి ఏమిస్తుందో ఫైనాన్షియల్ ఎయిడ్ కార్యాలయాన్ని ముందే అడగాలి.

ఈతలో వీడియోల బెడద అంతగా లేదు, గడియారమే మాట్లాడుతుంది. ఆ రెండు కాలేజీల కాన్ఫరెన్స్ పోటీల ఫలితాలు తెరిచి, మీ అమ్మాయి సమయం ఎన్నో స్థానంలో నిలిచేదో చూడండి. పాయింట్లు వచ్చే స్థానాల్లో, చాలా చోట్ల మొదటి పదహారులో, ఉంటే కోచ్ ఆసక్తి గట్టిదే.

అడగవలసిన ప్రశ్న ఒకటుంది, అది మీ అమ్మాయే అడగాలి: ‘నా దరఖాస్తుకు మీ మద్దతు ఉంటుందా, ఉంటే అది ఏ రూపంలో?’ చాలా కాలేజీల్లో పదకొండో తరగతి తరువాతి వేసవిలో కోచ్ విద్యార్థి మార్కులను అడ్మిషన్ కార్యాలయానికి చూపించి ముందస్తు అభిప్రాయం తీసుకుంటాడు. దానిని ప్రీ-రీడ్ అంటారు. ‘నువ్వంటే మాకు చాలా ఇష్టం’ అనే కోచ్‌కూ, ‘జులైలో మార్కులు పంపు, ప్రీ-రీడ్ చేయిస్తాను’ అనే కోచ్‌కూ చాలా తేడా ఉంది. ఎంఐటీ వంటి చోట్ల కోచ్ ఎంత గట్టిగా కోరినా సీటు ఖాయం కాదు. మద్దతుకు బదులుగా ఎర్లీ డెసిషన్‌లో దరఖాస్తు చేయమని కోచ్ కోరితే, సీటు వస్తే చేరి తీరాలన్న షరతు దానికి ఉంటుంది కనుక, డబ్బు లెక్కలు తేలాకే ఒప్పుకోండి.

ప్రశ్న: మా మేనల్లుడు విజయవాడలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతూ ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ టోర్నమెంట్లు ఆడుతున్నాడు. ఇక్కడి నుంచి అమెరికా కాలేజీ జట్టులో చేరే వీలుందా?
– ఒక పాఠకుడు

జవాబు: ఉంది, దారి పాతదే. మన టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడినవాడే. కోచ్‌లకు యూటీఆర్, ఐటీఎఫ్ ఫలితాలు ఎక్కడి నుంచైనా కనిపిస్తాయి కనుక దూరం పెద్ద అడ్డంకి కాదు. ఇబ్బంది వచ్చేది రెండు చోట్ల. ఇంటర్ అయ్యాక ఒకటి రెండేళ్లు టోర్నమెంట్లే ఆడి తరువాత చూద్దామనుకునేవారు చాలామంది; ఆలస్యం చేసిన కొద్దీ కాలేజీలో ఆడే అర్హత తగ్గవచ్చు. టెన్నిస్‌లో ఈ నియమం మరీ కఠినంగా ఉంటూ వచ్చింది. కాబట్టి ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఇప్పుడే ఖాతా తెరిచి నియమాలు చూసుకోమనండి.

రెండోది కాగితాలు. ఆ సెంటర్‌వారు లెక్కలోకి తీసుకునే చదువు తొమ్మిదో తరగతి నుంచి మొదలవుతుంది. పదో తరగతి మెమో ప్రతి ఇంట్లో భద్రంగా ఉంటుంది గానీ, తొమ్మిది పాసయ్యాక ఆ ప్రోగ్రెస్ కార్డు మళ్లీ చూసేవాళ్లు అరుదు. అది ఇంట్లో లేకపోతే, పాత స్కూలుకు వెళ్లి, ఆ ఏడాది మార్కులతో హెడ్‌మాస్టర్ సంతకం, స్కూలు ముద్ర ఉన్న ధ్రువపత్రం తీసుకోమని చెప్పండి. ఇంటర్ పరీక్షల హడావిడి మొదలుకాకముందు వెళ్తే మంచిది.