కారేది ట్యాంకు అయితే కొత్త మిషన్‌కు అప్పెందుకు?

ప్రశ్న: ఉద్యోగంతో పాటు సెలవు రోజుల్లో కొన్ని ఇళ్లలో లాన్ కత్తిరిస్తుంటాను. ఆ డబ్బు ఇంటి ఖర్చులకు ఆసరా. నా లాన్ మోవర్ ఆరేళ్ల పాతది. ప్లాస్టిక్ పెట్రోల్ ట్యాంకు అడుగున సన్నగా చీలి కారుతోంది. ముందు సూపర్ గ్లూ రాశాను, తర్వాత ఎపాక్సీ పట్టించాను. రెండూ వారం కూడా నిలవలేదు. ఇంజిన్ బాగానే ఉంది, ట్యాంకు మార్చమంటున్నాడు మెకానిక్. పాతదానికి ఖర్చు ఎందుకని కొత్తది కొనాలనుకుంటున్నా. చేతిలో డబ్బు లేదు. ఒక లోన్ యాప్‌లో ఏడాది వాయిదాలకు అప్రూవల్ వచ్చింది, వడ్డీ నెలకు 1 శాతమే. బ్యాంకులో ఒక డిపాజిట్ ఉంది కానీ గడువుకు ముందే దాన్ని తీయడం ఇష్టం లేదు. లోన్ తీసుకోవచ్చా? ఇప్పుడు వద్దంటే క్రెడిట్ స్కోరు దెబ్బతింటుందా?

జవాబు: తీసుకోవద్దు. మెకానిక్ చెప్పిందే వినండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం లాన్ మోవర్ కాదు. ఒకరికి ఫ్రిజ్‌లో కంప్రెసర్ పోతుంది, ఇంకొకరికి ఫోన్ స్క్రీన్ పగులుతుంది. పాడయ్యేది ఒక్క భాగం, అప్పు మాత్రం మొత్తం వస్తువుకు చేస్తారు. ఎందుకంటే రిపేరుకు చేతి నుంచి డబ్బు తీయాలి, కొత్తదానికి ఒక బటన్ నొక్కితే చాలు. ట్యాంకుకు వాయిదాలు ఇస్తామని మీకు ఏ యాప్ నుంచీ మెసేజ్ రాలేదు కదా? చేతిలో ఆ చిన్న మొత్తం లేకపోవడమే మీ అసలు సమస్య. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు ట్యాంకు.

ఈ ట్యాంకులు ఎక్కువగా హెచ్‌డీపీఈ అనే పాలిథిన్ రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. పెట్రోలును తట్టుకునే గుణం ఉండడం వల్లే దీన్ని వాడతారు. కానీ దీని మీద మామూలు జిగుళ్లు ఏవీ పట్టవు. సూపర్ గ్లూ, ఎపాక్సీ ఆరాక గట్టిపడినట్టే కనిపిస్తాయి, గోటితో అంచు పట్టి లాగితే పొలుసులా ఊడి వస్తాయి. పైగా ఇంజిన్ తిరుగుతున్నంత సేపూ ట్యాంకు అదురుతూనే ఉంటుంది. లోపలి పెట్రోలు ప్లాస్టిక్‌లోకి కొద్దికొద్దిగా ఇంకి, అతుకును వెనక నుంచీ వదులు చేస్తుంది. మీ అతుకు వారం నిలవకపోవడంలో మీ తప్పేమీ లేదు, మూడోసారి పెట్టినా ఇంతే. చీలిక పైకి పెట్రోలు రాకుండా సగమే పోసి నడిపేవాళ్లను కూడా చూశాను. మీ చీలిక అడుగున ఉంది కాబట్టి ఆ కిటుకు మీకు అక్కరకు రాదు, ఎవరికీ రాకూడదు కూడా.

ట్యాంకు కొనే ముందు ఒక్కటి తేల్చుకోండి: కారేది నిజంగా ట్యాంకేనా? చాలాసార్లు కారేది ట్యాంకు నుంచి కార్బ్యురేటర్‌కు వెళ్లే రబ్బరు పైపు, లేదా ఆ పైపు ట్యాంకులోకి దిగే చోట ఉండే రబ్బరు బుష్. అవి ఎండి బీటలు వారితే పెట్రోలు ట్యాంకు గోడ వెంట జారి అడుగున చుక్కగా వేలాడుతుంది, చూసేవాళ్లకు ట్యాంకే పగిలినట్టు ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, ట్యాంకును పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి కొద్దిసేపు చూడండి. మొదట తడి ఎక్కడ మొదలవుతుందో అదే చోటు. పైపో బుష్షో అయితే ఖర్చు ట్యాంకులో నాలుగో వంతు కూడా ఉండదు. పనిలో పనిగా మూత లోపలి వాషర్ కూడా చూడండి, మిషన్ వంచినప్పుడే కారితే తప్పు దానిది కావచ్చు.

చీలిక ట్యాంకుదే అని తేలితే ప్లాస్టిక్ వెల్డింగ్ అనే దారి ఉంది. అదే రకం ప్లాస్టిక్ కడ్డీని వేడి గాలితో కరిగించి చీలికలో నింపుతారు. ఈ ప్లాస్టిక్ 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బాగా చేసిన అతుకు నిలుస్తుంది. కానీ అది చేయి తిరిగినవాళ్ల పని. ఇంట్లో సోల్డరింగ్ ఐరన్‌తో మీరే కాల్చుకోవద్దు. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలోనూ మండే ఆవిరిని వదులుతుంది, ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేల వెంట పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా వెతుక్కుంటుంది. నిండు ట్యాంకు కన్నా ఖాళీ చేసిన ట్యాంకే ఇక్కడ ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే లోపల ఆవిరికి కావలసినంత గాలి దొరుకుతుంది. సబ్బు నీళ్లతో పదేపదే కడిగి బాగా ఆరనిచ్చినా, ప్లాస్టిక్‌లో ఇంకిన పెట్రోలు వేడి తగలగానే మళ్లీ బయటికి వస్తుంది. ఈ శ్రమంతా కలిపితే కొత్త ట్యాంకు ధరకు దగ్గర పడుతుంది. మోడల్ నంబరు చూపించి కొత్త ట్యాంకే తెప్పించుకోండి, దాంతో పాటు పైపు, క్లిప్పులు కూడా మార్పించండి. అప్పటి వరకు పెట్రోలు తీసేసి, మిషన్‌ను ఇంట్లో, గ్యాస్ గీజరు ఉన్న గదిలో పెట్టకండి. కారుతున్న మిషన్‌తో ఒకరి ఇంటి లాన్‌లో పని చేయడం అసలే వద్దు, సైలెన్సర్ దగ్గరే ఉంటుంది.

ఇక ఆ ‘నెలకు 1 శాతమే’ సంగతి. ఆ మాట వింటే నాకు చిరాకు. 100 తీసుకుంటే ఏడాదికి 12 వడ్డీ కలిపి 112ను 12 వాయిదాలుగా కట్టిస్తారు. ఆరు నెలలకు మీరు సగం అసలు తిరిగి ఇచ్చేసి ఉంటారు, వడ్డీ మాత్రం మొత్తం అసలు మీదే నడుస్తుంది. లెక్క కడితే నిజంగా పడే వడ్డీ ఏడాదికి 21 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో 2 శాతం ముందే కోసుకుని 98 చేతిలో పెడితే 25 దాటుతుంది. మీ ఉత్తరంలో ఫీజు మాట లేదు, అంటే మీరు చూసి ఉండరు. పైగా గడ్డి ఏడాది పొడవునా ఒకేలా పెరగదు. పెరగని నెలల్లో మీకు పిలుపు రాదు, వాయిదా మాత్రం తప్పకుండా వస్తుంది. అప్పుడు జీతంలోంచి కడతారు, ఇంటి ఖర్చుకు క్రెడిట్ కార్డు తీస్తారు. నెలకు 3 శాతం వడ్డీ ఉన్న కార్డు బాకీ చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం అవుతుంది. ఒక ప్లాస్టిక్ చీలిక ఇంత దూరం తీసుకెళ్తుందని ఎవరూ అనుకోరు, కానీ కార్డు బాకీలతో నా దగ్గరకు వచ్చేవాళ్ల కథలు చాలావరకు ఇలాంటి చోటే మొదలవుతాయి.

డిపాజిట్ ముందే తీస్తే వడ్డీలో కాస్త కోత పడుతుంది, నిజమే. ఆ కోతకు భయపడి 21 శాతం అప్పు చేయడం ఏ లెక్క? ట్యాంకుకు కావలసినంతే తీయండి. బ్యాంకు కొంత భాగం ఇవ్వనంటే మొత్తం తీసి, మిగతాది తిరిగి వేయండి. ఆ మిగతాదాన్ని ఈసారి రెండుగా విడగొట్టండి: ఇంటి ఖర్చు మూడు నెలలకు సరిపడేంత ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా విడి ఖాతాలో, మిగిలింది డిపాజిట్‌లో. అంత లేకపోతే ఉన్నదంతా ముందు ఆ ఖాతాకే. ముట్టుకోవడానికి మనసొప్పని డబ్బును అత్యవసర నిధి అనుకోకండి. మీరు చేసిన పొరపాటు ఇదే. పొదుపు ఉంది, అవసరం వచ్చింది, అయినా అప్పు వైపు చూశారు.

పక్క ఆదాయం ఉన్నవాళ్లకు నేను ఇంకొకటి గట్టిగా చెబుతాను. పనిముట్టు మీద వచ్చే ప్రతి సంపాదనలో పదో వంతు ఆ పనిముట్టుకే పక్కన పెట్టాలి. ఇంటి అత్యవసర నిధి వేరు, ఇది వేరు. ఆరేళ్లుగా మీరు అలా తీసి ఉంటే ఈపాటికి ట్యాంకు ఏమిటి, కొత్త మిషనే అప్పు లేకుండా వచ్చేది. ఈ సీజన్‌లో మొదటి డబ్బు చేతికి రాగానే మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్లకూ చెప్పండి, లేకపోతే పండక్కో పెళ్లికో ఆ డబ్బు కరిగిపోతుంది. మూడు నెలల నిధి కుదిరాక దాన్ని ఆరు నెలలకు పెంచుకోండి. జీతం ఒక్కటే ఆధారమైన ఇంటికి మూడు నెలలు చాలవు.

సెకండ్ హ్యాండ్ మిషన్, కరెంటు మిషన్, ట్యాంకు వచ్చేలోపు ఒకటి రెండు సార్లు అద్దెకు తెచ్చుకోవడం, ఇవన్నీ ఆలోచించవచ్చు, ఏదైనా అప్పు లేకుండా వచ్చేలా ఉంటేనే. ఇంటి బీమా ఉంటే సంపాదన కోసం వాడే మిషన్ వల్ల జరిగే నష్టం అందులోకి వస్తుందో లేదో పాలసీ తీసి చదవండి.

స్కోరు గురించి అడిగారు. అప్రూవ్ అయిన అప్పును తీసుకోకపోవడం ఎగ్గొట్టడం కిందికి రాదు. యాప్ వాళ్లు మీ రిపోర్టు చూసినట్టు ఒక నమోదు ఉండవచ్చు, దాని ప్రభావం చిన్నది, కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. అయితే ఒప్పందం మీద సంతకమో ఓటీపీనో ఇప్పటికే ఇచ్చి ఉంటే ఊరికే ఉండొద్దు, లోన్ రద్దు చేయమని వాళ్లకు రాసి, రద్దయినట్టు జవాబు తీసుకుని దాచుకోండి. డబ్బు ఖాతాలో పడిపోయి ఉంటే ముట్టుకోకుండా, రద్దు గడువు ఎన్ని రోజులో ఇవాళే అడగండి.