బుజ్జీ, ఆ మూడు రోజులూ జ్వరం రానివ్వకు

బుజ్జీ,

సోమవారం నుంచి నీకు ఐసీయూలో నైట్ డ్యూటీలని మీ అమ్మ చెప్పింది. హైదరాబాద్ ఆస్పత్రుల్లో ముప్పై ఏళ్ళు సిస్టర్‌గా చేసినదాన్ని, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను. అన్నీ కాదు, ఒక్కదాని గురించే. గుండె ఆగి, మళ్ళీ కొట్టుకోవడం మొదలై, స్పృహ మాత్రం రాకుండా వెంటిలేటర్ మీద నీ బెడ్‌కి వచ్చే పేషెంట్ మొదటి మూడు రోజుల గురించి.

గుండె కొట్టుకుంది కదా అని బయట అందరూ దేవుడికి దండం పెట్టుకుంటారు. మెదడుకి మాత్రం గండం గడవలేదు. కొన్ని నిమిషాలు రక్తం అందని మెదడు, రక్తం తిరిగొచ్చాక కూడా గంటలు, రోజుల తరబడి దెబ్బతింటూనే ఉంటుంది. ఒళ్ళు ఒక డిగ్రీ చల్లబడితే మెదడుకి కావలసిన ఆక్సిజన్ సుమారు ఆరేడు శాతం తగ్గుతుంది. జ్వరమొస్తే అదే పెరుగుతుంది. అసలే అరకొరగా ఉన్నచోట ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది?

2002లో యూరప్ నుంచి ఒకటి, ఆస్ట్రేలియా నుంచి ఒకటి, రెండు పరిశోధనలు వచ్చాయి. ఒంటిని 32-34 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే ఎక్కువ మంది తెలివిలోకి వచ్చి ఇంటికి వెళ్ళారని చెప్పాయి. ఆ తర్వాత మేమంతా ఐస్ ముక్కలతోనే కాపురం చేశాం. 2013లో 33కీ 36కీ తేడా లేదన్నారు. 2021లో 33కి దించినవాళ్ళనీ, జ్వరం మాత్రం రాకుండా చూసినవాళ్ళనీ పోల్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే బతికినవాళ్ళ లెక్కలో తేడా కనపడలేదు, పైగా చల్లబరిచినవాళ్ళలో గుండె లయ తప్పడం ఎక్కువైంది. అలాగని పాత రోజుల్లో చేసిందంతా వృథా అనుకోకు. 2002 నాటి యూరప్ పరిశోధనలో చల్లబరచనివాళ్ళకి జ్వరం కాస్తూ ఉండేది. ఐస్ చేసిన మేలులో ఎంతో కొంత ఆ జ్వరాన్ని ఆపడమేనని నా నమ్మకం. 2019లో ఫ్రాన్స్‌లో, కరెంటు షాక్‌తో సరిచేయగలిగే గుండె లయ లేనివాళ్ళకి 33 డిగ్రీలు మేలు చేసిందని తేలింది కూడా. అందుకే ఈ వాదన ఇంకా తెగలేదు.

మన ఊళ్ళోనే 1888, 89ల్లో నిజాం ఖర్చుతో, అప్పట్లో ఆపరేషన్లకి మత్తుగా ఇచ్చే క్లోరోఫాం మీద కమిషన్లు కూర్చున్నాయి. క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరేగానీ గుండె కాదని గట్టిగా తేల్చాయి. 1911 నాటికి గుండె కూడా ముందే ఆగిపోవచ్చని వేరేవాళ్ళు చూపించారు. అంచేత ఏ అంకెనీ పట్టుకుని వేళ్ళాడకు. ఎంతలో ఉంచాలో డాక్టర్ రాస్తారు. అది తప్పకుండా చూడటం నీ పని. ఇప్పుడు ఎక్కువ చోట్ల 37.5 దాటనివ్వద్దంటున్నారు. ఫారెన్‌హీట్‌లో 99.5. ఇంట్లో అయితే దాన్ని జ్వరమే అనం, ఈ బెడ్ మీద అదే హద్దు.

చంకలో పెట్టిన థర్మామీటర్‌ని నమ్మకు. అన్నవాహికలోనో మూత్రాశయంలోనో వేడి కొలిచే ప్రోబ్ ఉండాలి. మూత్రం సరిగ్గా రాకపోతే మూత్రాశయం ప్రోబ్ కూడా తప్పు చూపిస్తుంది. ఒక్క పారాసెటమాల్‌తో ఆగుతుందని కూర్చోకు. చల్లబరిచే మెషీన్ లేనిచోట ఐస్ ప్యాక్‌లు చంకల్లో, గజ్జల్లో, మెడ పక్కన పెడతాం. దిండు గలీబు చుట్టకుండా ఒంటికి ఆనించకు, చర్మం కమిలిపోతుంది. గంట గంటకీ తీసి చూడు.

అన్నిటికన్నా పెద్ద దొంగ వణుకు. మానిటర్ మీద అలలు అదిరేదాకా ఆగకు. దవడ కింద, ఛాతీ మీద అరచెయ్యి ఆనించు. సన్నగా, ఫోన్ వైబ్రేషన్‌లా చేతికి తగులుతుంది. ఆ వణుకుతో ఒళ్ళు వేడెక్కుతుంది, ఆక్సిజన్ తినేస్తుంది. వెంటనే డాక్టర్‌కి చెప్పు. మత్తు పెంచుతారు, మెగ్నీషియం ఇస్తారు. కండరాలు కదలకుండా మందు ఇస్తే మాత్రం లోపల ఫిట్స్ వస్తున్నా పైకి తెలియదు, మెదడు తరంగాలు చూపించే ఈఈజీ సంగతి అడుగు.

33కి దించిన పేషెంట్‌ని తిరిగి వేడెక్కించేటప్పుడు తొందర అస్సలు పనికిరాదు. ఒకచోట చల్లగా ఉంచాల్సిన ఇరవై నాలుగు గంటలు అయిపోయాయని షిఫ్ట్ మారే వేళ ఎవరో ఐస్ అంతా తీసేసి దుప్పటి కప్పారు. నేను హ్యాండోవర్ తీసుకునేసరికి బీపీ పడిపోతోంది, పొటాషియం పైకెళ్తోంది, అర్ధరాత్రికి జ్వరం. గంటకి పావు నుంచి అర డిగ్రీ, అంతకు మించకూడదు. చల్లగా ఉన్నప్పుడు పొటాషియం తగ్గుతుంది, వేడెక్కేటప్పుడు తిరిగి పెరుగుతుంది. ముందు తగ్గిందని ఎడాపెడా ఎక్కించేస్తే తర్వాత ప్రమాదం.

ఇక ఇంటివాళ్ళు. సిద్దిపేట నుంచి వచ్చిన ఒక తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని, "గింత సల్లగున్నడేంది సిస్టరమ్మా, నా కొడుకు ఉన్నడా పోయిండా?" అని చీర కొంగు కప్పబోయింది. వద్దని కసరలేదు. ఆమె అరచేతిని అతని గుండె మీద పెట్టించాను. తర్వాత ఒక జత సాక్సులు చేతికిచ్చి పాదాలకి తొడగమన్నాను. పాదాలు, అరచేతులు వెచ్చగా ఉంటే వణుకు నిజంగానే తగ్గుతుంది. రోజూ వచ్చి ఆ సాక్సులు సర్దేది.

చల్లటి ఒంట్లో మత్తుమందు తొందరగా దిగదు. అందుకే ఒళ్ళు మామూలు వేడికి వచ్చాక కనీసం 72 గంటలు గడవనిదే, మత్తు దిగనిదే మెదడు సంగతి తేల్చరు. అందాకా "ఇక లాభం లేదు" అనే మాటా, "లేస్తాడు" అనే మాటా రెండూ నీ నోటి నుంచి రాకూడదు. అడిగితే ఈ పూట టెంపరేచర్ ఎంతుందో, వణుకు ఉందో లేదో, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

మొదటి రాత్రి అయ్యాక పొద్దున్నే ఫోన్ చెయ్యి. మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ