కాలనీ ఒకటే, డివిజన్లు రెండు!

ప్రశ్న: మాది ఐదు వీధుల కాలనీ. కొత్త వార్డుల (డివిజన్ల) ముసాయిదాలో మూడు వీధులు ఒక డివిజన్‌లో, రెండు వీధులు పక్క డివిజన్‌లో పడ్డాయి. కార్పొరేటర్లు ఇద్దరైతే పనులు ఇంకా త్వరగా అవుతాయిలే అంటున్నారు కొందరు. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: నాకైతే నమ్మకం లేదండీ. మీ ఐదు వీధుల మురుగు ఒకే నాలాలో కలుస్తుందనుకోండి, అది పొంగిన రోజు ఈయన "అటువైపు నా పరిధి కాదమ్మా" అంటాడు, ఆవిడ "మొదలు మీ వైపే కదా" అంటుంది. పైగా వెయ్యి ఓట్లున్న కాలనీకి ఎన్నికలప్పుడు ఎవరైనా వస్తారు, అవే ఓట్లు రెండుగా చీలితే గట్టిగా అడిగే బలం ఇద్దరి దగ్గరా తగ్గుతుంది.

వార్డులు పెంచడమే తప్పని అననుగానీ. హైదరాబాద్‌నే చూడండి. 2007లో పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు, 2009, 2016, 2020 ఎన్నికలు మూడూ 150 డివిజన్లతోనే జరిగాయి. 2011 జనాభా ప్రకారమే సగటున ఒక్కో కార్పొరేటర్‌కు 45 వేల మంది. 2025 చివర్లో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపేసి డివిజన్లను 300 చేశారు. సరే, చిక్కంతా గీత ఎక్కడ పడిందన్న దగ్గరే. ఆ గీతలు 2011 జనగణన లెక్కలతోనే గీశారు కాబట్టి ఆ తర్వాత పొలాల్లో లేచిన అపార్ట్‌మెంట్ల జనం ఆ లెక్కలోకి రారు, కాగితం మీద సమానమైన రెండు డివిజన్లలో ఒకటి నిజానికి కిక్కిరిసిపోయి ఉండొచ్చు. అసెంబ్లీ, లోక్‌సభ హద్దులకైతే ప్రత్యేక కమిషన్ ఉంటుంది, తెలంగాణలో వార్డుల పని మాత్రం రాష్ట్ర ప్రభుత్వం చేతిలోదే (అధికారంలో ఎవరున్నా ఎదుటి పార్టీ అనుమానించేది అందుకే). హైదరాబాద్‌లో అభ్యంతరాలు వేలల్లో వచ్చాయి, వార్డుల వారీ జనాభా, మ్యాపులు హైకోర్టు చెప్పాక గానీ బయటికి రాలేదు.

మీకు అభ్యంతరాలు చెప్పే గడువు ఇంకా ఉంటే "మాకు అన్యాయం జరిగింది" అని తలా ఒక కాగితం ఇవ్వకండి. కాలనీ సంఘం పేరు మీద, ఏ ఇంటి నంబరు నుంచి ఏ నంబరు దాకా ఎటు కలపాలో, గీత నాలా వెంట వెళ్లాలో మెయిన్ రోడ్డు వెంట వెళ్లాలో రాసి, చేతిగీత మ్యాపు జతచేసి, అందిందని సంతకం తీసుకోండి. గడువు దాటిపోయిందా, ఇక ఓటర్ల జాబితా ముసాయిదా వచ్చినప్పుడు ఒకే ఇంట్లోవాళ్ల పేర్లు రెండు డివిజన్లలో పడ్డాయేమో చూసుకోండి, ఆ తప్పును దిద్దించుకోవడానికి మళ్లీ కొన్ని రోజులే ఇస్తారు.