డాలస్ దూరం సంగతి తర్వాత, ఆ పీఎన్‌ఆర్ ఎవరికిచ్చారండీ?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన రాశారు. శంషాబాద్ నుంచి డాలస్‌కి దూరం ఒక సైట్లో 14,400, ఇంకోదాంట్లో 8,950, మూడోదాంట్లో 7,775 అని ఉందట, టైమేమో 16 గంటలంట, అబ్బాయి తీసిన టికెట్లో చూస్తే 23 గంటలు, ఏది నమ్మాలి అని. చివర్లో ఇంకో ముక్క: కరెక్ట్ టైమ్ చెప్తామని సైటోళ్లు పీఎన్‌ఆర్ (అంటే టికెట్ మీదుండే బుకింగ్ కోడ్), ఇంటిపేరు అడిగితే టైప్ చేసి ఇచ్చేశారట!

కూతురి కాన్పుకో కొడుకు గ్రాడ్యుయేషన్‌కో బయల్దేరే పెద్దవాళ్ల నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది కాబట్టి లెక్క గబగబా చెప్పేస్తా. ఆ మూడు అంకెలూ ఒకటే దూరం, వరసగా కిలోమీటర్లు, మైళ్లు, విమానాలకీ ఓడలకీ వాడే నాటికల్ మైళ్లు, అంతే. పక్కన యూనిట్ వేయడానికి కూడా బద్ధకమైన సైట్లని ఏమనాలి? అదీ భూగోళం మీద దారం లాగి కొలిచిన దూరం, దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. దాన్ని గంటకి 900తో భాగించి 16 గంటలని పడేస్తారు, అసలు ఆ రూట్లో డైరెక్ట్ ఫ్లైట్ ఉందా లేదా అని కూడా చూడరు. దోహా మీదుగా వెళ్తే రెండు ముక్కలూ కలిపి 15,600 కిలోమీటర్లు దాటుతుంది, మధ్యలో ఎయిర్‌పోర్ట్‌లో పడిగాపులు, పైగా అటు వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణం కొంచెం తొందరగా అవుతుంది. టికెట్ మీద టైములు ఏ ఊరివి ఆ ఊరివే, డాలస్ మనకంటే చలికాలం పదకొండున్నర గంటలు, ఎండాకాలం పదిన్నర గంటలు వెనక. టికెట్‌నే నమ్మండి.

ఇప్పుడు అసలు సంగతి. పీఎన్‌ఆర్ ఆరు అక్షరాలు, దానికి ఇంటిపేరు తోడైతే చాలా ఎయిర్‌లైన్స్‌లో మీ బుకింగ్ మొత్తం తెరుచుకుంటుంది, ఓటీపీ కూడా అడగరు. మన ఇంటిపేరు శుభలేఖ మీద కూడా ఉంటుంది కదా, ఇక దాచుకోడానికి మిగిలింది ఆ ఆరు అక్షరాలే. లోపలికొచ్చినవాడు సీటు మార్చొచ్చు, కొన్నిచోట్ల టికెట్టే క్యాన్సిల్ చేయొచ్చు. అంతకంటే నాకు భయం, మీ తేదీ, ఫ్లైట్ నంబర్ అన్నీ కరెక్ట్‌గా చెప్తూ వచ్చే ఫోన్. ఫ్లైట్ రద్దయింది, రీఫండ్ కోసం ఈ యాప్ వేసుకోండి అంటాడు, అన్నీ సరిగ్గా చెప్తున్నాడు కదాని మనం నమ్మేస్తాం, స్క్రీన్ వాడి చేతికెళ్తుంది, ఆపైన అకౌంట్.

బోర్డింగ్ పాస్‌ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాళ్లకీ ఇదే చెప్పేది, పేరు మీద గీత కొట్టి బార్‌కోడ్ వదిలేస్తున్నారు, పేరూ పీఎన్‌ఆరూ రెండూ ఆ బార్‌కోడ్‌లోనే ఉంటాయి బాబూ. ఫ్యామిలీ గ్రూపులో టికెట్ పీడీఎఫ్ పడేస్తే అది ఇంకెన్ని గ్రూపులు తిరుగుతుందో! బ్యాంకు వంద రూపాయలకి ఓటీపీ అడుగుతుంది, లక్ష దాటే టికెట్‌కి ఎయిర్‌లైన్స్ వాళ్లకి ఆరు అక్షరాలు సరిపోతాయంట, ఏళ్ల తరబడి ఇదే తంతు, యాప్‌లో రంగులు మాత్రం ఆర్నెల్లకోసారి మారుస్తారు.

బ్రాడీపేట సార్, మీరు ఈరోజే ఎయిర్‌లైన్ సొంత యాప్‌లో బుకింగ్ తెరిచి అందులో ఫోన్, ఈమెయిల్ మీవేనా చూడండి. మారుంటే టికెట్ మీదున్న నంబర్‌కే ఫోన్ చేయండి, గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికి మాత్రం వద్దు, అక్కడ దొంగ నంబర్లు బోలెడు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.