డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అలైన్‌మెంట్ దేనికి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటలో, ఆటగాడి పాత్ర నైతిక వైఖరిని చెప్పే గుర్తే అలైన్‌మెంట్. పాత్ర వివరాల్లో ‘లాఫుల్ గుడ్’ (క్రమాన్ని పాటించే మంచివాడు) అని రాసుకోవడం వల్ల ఆట నిజంగా మారుతుందా అని అడిగారు. మీరు ఆట ఏ కూర్పుతో (ఎడిషన్) ఆడుతున్నారన్నదే అసలు సంగతి.

1974లో వచ్చిన తొలి కూర్పులో క్రమం, తటస్థం, అరాచకం అనే మూడే ఉండేవి. అది స్వభావం కన్నా, పోరులో ఎవరి పక్షమన్న లెక్క. మంచి, చెడు అనే రెండో కొలత తర్వాత చేరింది. 1978 నాటి ఆటగాళ్ల పుస్తకంలో ఈ రెండు కొలతలూ కలిసిన తొమ్మిది గళ్లు కనిపిస్తాయి.

అప్పట్లో ఆ గడికి పదును ఉండేది. పాలడిన్ అనే ధర్మయోధుడు తెలిసి దుర్మార్గానికి ఒడిగడితే దైవశక్తులు శాశ్వతంగా పోయి, మామూలు యోధుడిగా మిగిలేవాడు. ఒక్కో అలైన్‌మెంట్‌కు ఒక రహస్య భాష కూడా ఉండేది. పక్షం మారితే ఆ భాష మరిచిపోవాలి! ఇంత వింత నియమం ఎవరికి తోచిందో గానీ, నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

2014 నాటి ఐదో కూర్పు ఈ కోరలను దాదాపు పీకేసింది. పాలడిన్‌ను కట్టేసేది తను చేసిన ప్రమాణమే. ‘చెడును పసిగట్టే’ మంత్రం సైతం దయ్యాలు, ప్రేతాల వంటి జీవుల ఉనికిని చెబుతుందే తప్ప, ఎదుటి వ్యాపారి మనసులోని దురుద్దేశాన్ని కాదు.

నా మటుకు అలైన్‌మెంట్‌ను పాత్ర వాలును చూపే గుర్తుగానే వాడతాను. లొంగిపోయిన శత్రువును చంపాలా, వదలాలా అన్న చోట అది ఆలోచనకు పనికొస్తుంది. తోటివారి సొత్తు కాజేసి ‘నా పాత్ర కేయాటిక్ (అరాచకం) కదా’ అనేవారితో మాత్రం ఆట ఆపి మాట్లాడాల్సిందే.