మెషిన్‌తో కారు పాలిష్ చేస్తుంటే తెల్లపొడి రాలుతోంది, ప్యాడ్ మీద ముద్దలు కడుతోంది. పాలిష్ మార్చాలా?

పాలిష్ మార్చకండి, ప్యాడ్ శుభ్రం చేయండి. ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే. నూటికి తొంభై మంది విషయంలో ఇంకేమీ చెప్పాల్సిన పని కూడా ఉండదు. జనం సీసా మీద సీసా కొంటారు గానీ మెషిన్ తిప్పి ప్యాడ్ మొహం ఒక్కసారి చూడరు.

పోయిన వేసవిలో మా బావ ఫోన్ చేశాడు. ఆయనది నల్ల కారు. "ఒరేయ్, ఆన్‌లైన్‌లో నకిలీ సరుకు అంటగట్టార్రా. గోడకి లప్పం పెట్టి సాండ్‌పేపర్ కొట్టినట్టు పొడి లేస్తోంది. ఓసారి వచ్చి చూడు" అన్నాడు. వెళ్లేసరికి సెల్లార్‌లో సీను చూడాలి. అద్దం చుట్టూ రబ్బరు బీడింగుల్లో పొడి, వైపర్ల కింద పొడి, పక్కన ఎవరిదో స్కూటీ సీటు మీద పొడి. బావ కనుబొమలు కూడా నెరిశాయి.

బోనెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. అక్కని మార్కెట్‌కి తీసుకెళ్లి తీసుకొచ్చి, దుమ్ము కడిగి, తుడిచి, ఇంజను వేడి తగ్గకుండానే మొదలుపెట్టేశాడు. పైగా ఉక్కపోతకి ఇంట్లోంచి స్టాండ్ ఫ్యాన్ దింపి సరిగ్గా బోనెట్‌కి ఎదురుగా పెట్టుకున్నాడు. పాలిష్‌లో ఉండేదల్లా సన్నటి రాపిడి గింజలు, వాటిని జారేలా ఉంచడానికి నూనె, నీళ్లు. సామాన్యంగా ఆ గింజలు అల్యూమినియం ఆక్సైడ్. కింద వేడి, పైన గాలి తగిలితే ఆ తడి ఎంతసేపు ఆగుతుంది? తడి పోయాక మిగిలేది పొడే.

అసలు దొంగ మాత్రం ప్యాడే. నారింజ రంగు ఫోమ్ ప్యాడ్ మధ్యలో తెల్లగా గడ్డకట్టి ఉంది. గోరుతో గీకితే పెచ్చులు లేచాయి, అంచు చుట్టూ జిగురు ఉండలు. "ఎన్ని ప్యాడ్లు వాడావు బావా?" అన్నాను. "ఒకటే. ఇంకో మూడు ప్యాకెట్లోనే ఉన్నాయి, కొత్తవి ఎందుకు పాడుచేయడమని..." అన్నాడు. పొడి రాలినప్పుడల్లా పాలిష్ చాల్లేదనుకుని ఇంకాస్త పిండాడు. వాడేసిన పాలిష్, కారు మీంచి లేచిన క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) అప్పటికే ఫోమ్ రంధ్రాల్లో కూరుకుపోయి ఉన్నాయి. దానిమీద కొత్త పాలిష్ పడితే అదంతా నాని ఉండ కడుతుంది. ఆ ఉండ కిందపడి నలిగితే కొత్త గీతలు. గీతలు పోగొట్టడానికే కదా ఈ గోలంతా!

ఫ్యాన్ మా వీపులవైపు తిప్పించాను. బోనెట్ చల్లబడేదాకా టీ తాగాం. ఆ తర్వాత కొత్త ప్యాడ్ తీసి, వేలితో కాస్త పాలిష్ దాని మొహమంతా పలచగా రాశాను, ఎక్కడా పొడి ఫోమ్ మిగలకుండా. ఇది మొదటిసారికే. ఆపైన ప్రతి విడతకీ బఠాణీ గింజంత చుక్కలు మూడో నాలుగో, అంతే. మెషిన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌ని బోనెట్ మీద అక్కడక్కడా అద్దాలి, లేకపోతే మొదటి తిప్పుకే చుక్కలన్నీ చొక్కా మీద ఉంటాయి. పని చేసే చోటు అడుగున్నర, మహా అయితే రెండడుగుల చదరం. స్పీడు 1లో పరిచి, 4కో 5కో పెంచి, సెకనుకి ఒక అంగుళం చొప్పున చెయ్యి జరపాలి. ముందు వరస మీద సగం పడేలా తర్వాతి వరస వెయ్యాలి. తెల్లటి పొర పలచబడి కింద రంగు కనిపించడం మొదలవగానే ఆపి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచెయ్యాలి. కొంతమంది ఇంకా మెరుస్తుందేమోనని ఎండిపోయాక కూడా రుద్దుతూనే ఉంటారు. పొడి అక్కడే పుడుతుంది.

డీఏ మెషిన్ (డ్యూయల్ యాక్షన్, అంటే ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగే రకం) అయితే ప్యాడ్ బిగించే ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి. ఆ గీత తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయి వణుకుతోందంటే బరువు ఎక్కువ వేస్తున్నారని, లేదా మెషిన్ ఒక పక్కకి ఒరిగిందని అర్థం. అప్పుడు పని జరగదు, పాలిష్ మాత్రం ఎండిపోతుంది.

ఒక్కో చదరం అయ్యాక ప్యాడ్ శుభ్రం చేయాలి. కారంతా అయ్యాక కాదు, డోరు తర్వాత డోరు కాదు, ప్రతి చదరానికీ. మెషిన్‌ని 1లో తిప్పుతూ మెత్తటి నైలాన్ బ్రష్ ఆనిస్తే పొడంతా బయటికొస్తుంది. కింద ఒక కవరు పట్టుకుంటే సరి. బ్రష్ లేకపోతే శుభ్రమైన తువ్వాలుకి అదిమి తిప్పండి. ప్యాడ్ తడిసి బరువెక్కితే పక్కన పడేసి ఇంకోటి బిగించండి. ప్యాకెట్లో దాచుకోవడానికి కాదు అవి.

బావ బోనెట్ రెండో సగం అదే సీసాతో, పొడి లేకుండా అయిపోయింది. "అయితే ఇది ఒరిజినలే అంటావా?" అన్నాడు. "పొద్దున్నే ఒక్క స్టార్ రేటింగ్ కూడా పెట్టేశాడ్రా మీ బావ" అంది అక్క.

నీళ్ల స్ప్రే గురించి కూడా అడుగుతారు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పాతకాలం పెయింటర్లు రోటరీ మెషిన్ (ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగేది), ఊల్ ప్యాడ్, గట్టి రబ్బింగ్ కాంపౌండ్‌తో నీళ్లు చల్లుకుంటూ కొట్టేవాళ్లు. వాళ్ల చేతి ఒడుపు వేరు. వాళ్లని చూసి ఫోమ్ ప్యాడ్ మీద నీళ్లు కొడితే జావై చింది ఊరుకుంటుంది. మరీ ఎండు వాతావరణమైతే ప్యాడ్ మీద ఒక్క తుంపర చాలు. క్లియర్ కోట్ లేని పాత కార్లయితే ప్యాడ్‌కి కారు రంగే అంటుకుంటుంది, కంగారు పడకండి. దానికి శుభ్రం ఇంకా ఎక్కువ కావాలి.

ఇక సిరామిక్ కోటింగ్ అమ్మేవాళ్ల సంగతి. పొడి బీడింగుల్లో అలాగే వదిలేసి, సబ్బు నీళ్లు కొట్టి, పైన కోటింగ్ పూసేసి '9హెచ్ గట్టిదనం' అంటారు. ఆ 9హెచ్ పెన్సిల్ గట్టిదనం స్కేలు మీది అంకె. పెన్సిల్‌తో గీకే పరీక్ష అది, వజ్రంతో కాదు. ఇసుక రేణువు దాన్ని లెక్కచేయదు.

ఇంతకీ మీ కారుకి ఆ గీతలెలా వచ్చాయో అడిగారా? నేను చెప్తాను. అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో కార్లన్నీ తుడిచే పద్ధతి వల్ల. మొదటి కారు ఇసుక చివరి కారు దాకా వెళ్తుంది. మామూలుగా క్లియర్ కోట్ మందం 40-50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. పాలిష్ కొట్టిన ప్రతిసారీ అందులోంచే కాస్త పోతుంది. రోజూ గీతలు పెట్టించుకుని ఏడాదికోసారి మెషిన్ పట్టుకుంటే ఎన్నాళ్లు మిగులుతుంది?

మా దగ్గర తుడిచే అబ్బాయికి నెల జీతం అంతే ఇస్తాను, బాడీ మాత్రం ముట్టుకోవద్దు, అద్దాలు, టైర్లు చాలన్నాను. కొన్నాళ్లు నా మీద వాడికి అనుమానమే. ఇప్పుడు ఎదురింటాయన, తన కారుకి మాత్రం అంత తక్కువ పని ఎందుకు చేయడని వాడితో గొడవ పెట్టుకున్నాడు.