డయల్ ముఖం మారిస్తే స్పీడోమీటరు తప్పు చూపుతుందా?

బైకు మీటరుకు సొంతంగా ముద్రించిన డయల్ ముఖం అమర్చినంత మాత్రాన ముల్లు కదలిక మారదు గాని, గీతల మధ్య కోణాలు పాతవాటితో సరిపోకపోతే మనం చదివే వేగం తప్పవుతుంది. కేబుల్‌తో నడిచే మీటరులో తిరిగే అయస్కాంతం అల్యూమినియం గిన్నెను తనతో లాగుతుంటే సన్నని స్ప్రింగు దాన్ని నిలువరిస్తుంది. ముల్లు ఎంత తిరగాలో నిర్ణయించేవి ఈ రెండే. ఉదాహరణకు, 240 డిగ్రీల వంపులో 0 నుంచి 160 వరకు ఉన్న డయల్‌పై 60 అంకె 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే వంపులో 200 వరకు ముద్రిస్తే, విశాఖ బీచ్ రోడ్డుపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నా ముల్లు 75 చూపుతుంది. పెద్ద అంకెలు వేస్తే మీటరు దానంతటదే సర్దుకుంటుందన్నది చాలామందికి ఉన్న అపోహ. సముద్రతీరపు తేమకు మామూలు కాగితం ఉబ్బి ముల్లుకు తగలవచ్చు కనుక, పలుచని పాలిస్టర్ ఫిల్మ్‌పై ముద్రించడం మేలు.